కడుపు నిండిన తర్వాత

చదవవలసిన వాక్యభాగాలు: ద్వితీయోపదేశకాండము 8:1–18, యోహాను 4:5–15, 2 సమూయేలు 23:13–17

మన ఇండ్లల్లో ప్రార్థన అన్నానికి ముందుంటుంది. కంచాల ముందర కూర్చుంటాం, చిన్నపిల్లలు కూడా కండ్లు మూసుకుంటారు, ఇంటి పెద్ద రెండు మాటల్లో స్తోత్రం చెల్లిస్తాడు, ఆమెన్ అనగానే చేతులు కంచంలోకి పోతాయి. మంచి అలవాటే. ప్రభువు కూడా రొట్టె విరిచే ముందే కృతజ్ఞతలు చెల్లించాడు. అయితే ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో మోషే వేరే వేళ గురించి మాట్లాడుతున్నాడు. తిని తృప్తి పొందిన తర్వాత దేవుణ్ణి స్తుతించమంటున్నాడు. పదో వచనంలోని ఆ ఆజ్ఞను పట్టుకునే యూదులు నేటికీ భోజనం ముగిశాక సుదీర్ఘమైన ప్రార్థన చేస్తారు.

ఆకలి మీదున్నప్పుడు స్తోత్రం తేలిగ్గా వస్తుంది. కంచంలో అన్నం కనిపిస్తుంటుంది, మనసు దాని మీదే ఉంటుంది. తిన్నాక చెయ్యి కడుక్కొని లేస్తాం. కడుపు నిండినవాడికి కంచం కనిపించదు, వండినామె కనిపించదు, పండించినవాడు అసలే కనిపించడు. మోషే భయమంతా ఈ వేళ గురించే. ఆయన ముందున్న జనం ఇంకా యొర్దాను దాటలేదు, నలభై ఏండ్ల అరణ్యం ఇంకా వాళ్ల వెనకే ఉంది. ముందర వాగులు, ఊటలు, గోధుమలు, దానిమ్మలు, తేనె. అవన్నీ వరుసగా చెప్పి సంతోషించిన నోటితోనే ఆ వెంటనే హెచ్చరిక చేస్తాడు: మంచి ఇండ్లు కట్టుకుంటారు, మందలు పెరుగుతాయి, అప్పుడు ఇదంతా నా బలంతోనే సంపాదించాను అనుకుంటారు, జాగ్రత్త. ఎడారిలో ప్రజలు సణిగిన ప్రతిసారీ ఎదుర్కొన్న మనిషి, ఎడారి కంటే పచ్చటి పొలాలకే ఎక్కువ భయపడుతున్నాడు.

ఈ అధ్యాయం నాలుగో వచనం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నలభై ఏండ్లలో దేవుడు చేసిన మేళ్లు చెప్పమంటే మనమైతే ఎర్ర సముద్రంతో మొదలుపెడతాం. ఇక్కడ మోషే చెప్పిన రెండు సంగతులు చూడండి. మీ ఒంటి మీది బట్టలు పాతగిల్లలేదు. మీ కాళ్లు వాయలేదు. అంతే. సముద్రం చీలిన దినం ఒక్కటే, కాళ్లు వాయకపోవడం నలభై ఏండ్ల ప్రతిదినం. పైగా అది జరిగిన సంగతి కూడా కాదు, జరగకుండా ఆగిన సంగతి. రావలసిన నొప్పి రాలేదు. అలాంటి మేలును గుర్తుపెట్టుకొని లెక్కలో రాసుకోవడానికి ఎంత శ్రద్ధ కావాలో ఆలోచించండి. పడుకునే ముందు మోషే తన జనం కాళ్ల వంక చూసేవాడేమో అనిపిస్తుంది నాకు.

కాళ్ల సంగతి పాలమూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు తరతరాలుగా ఇవన్నీ కలిసి ఒక్క పేరుతోనే బయటి ప్రపంచానికి తెలుసు: పాలమూరు లేబర్. వానాకాలం పంట చేతికి రాకపోతే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, మూటాముల్లె కట్టుకొని, ముసలోళ్లనూ బడికి పోయే పిల్లలనూ ఊళ్లో వదిలి, ఆలుమగలు బొంబాయికో పుణెకో బెంగుళూరుకో పోయేవాళ్లు. దేశంలో ఎన్నో ఆనకట్టల గట్ల మీద, కాలువల్లో, రోడ్ల మీద మట్టి మోసింది వాళ్ల కాళ్లే. ఎవరి పొలానికో నీళ్లు పారించే కాలువ తవ్వి, తమ ఊరికొచ్చి బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర వరుస కట్టినవాళ్లు వీళ్లు.

2020 లాక్‌డౌన్‌లో ఆ నడకలనే మరోసారి చూశాం. ఈసారి నడిచినవాళ్లు మన దిక్కుల వాళ్లే కాదు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి మీదుగా పోతుంది. ఎండలో తారు రోడ్డు మీద ఎక్కడెక్కడి మనుషులో వాచిన కాళ్లతో ఇంటిదారి పట్టారు. ఆ వేసవిలో నాలుగో వచనం చదివినవాళ్లకు దాని అర్థం కొత్తగా తెలిసి ఉంటుంది. కాళ్లు వాయని దినం మామూలు దినం కాదు. పొద్దున లేచి, నేల మీద కాలు పెట్టి, నొప్పి లేకుండా గడప దాటితే, అక్కడికే స్తోత్రం చెప్పవలసిన సంగతి ఒకటి జరిగిపోయింది.

ఇక నీళ్లు. అనుదిన మేళ్లలో మా దిక్కు మొదట చెప్పవలసినవి ఇవే.

మోషే పదకొండో అధ్యాయంలో ఐగుప్తునూ కనానునూ పోలుస్తాడు. ఐగుప్తులో విత్తనం చల్లి, కూరగాయల తోటకు పెట్టినట్టు కాళ్లతో కష్టపడి నీళ్లు కట్టుకున్నారు. పోబోయే దేశం అట్లాంటిది కాదు, అది ఆకాశం నుంచి పడే వాన తాగే నేల, ఏడాది మొదటి నుంచి చివరి దాకా దేవుని కండ్లు దాని మీదే ఉంటాయి. పాలమూరు నేల ఎన్నో తరాలు ఆ రెండో రకంగానే బతికింది. కింద కృష్ణ, తుంగభద్ర పారుతున్నా పైనున్న ఎర్రచెల్కలకు దిక్కు మొగులే. జొన్న, కంది, ఆముదం, పల్లికాయ, ఏదైనా వాన పడితేనే. అందుకే ఈ ప్రాంతం పాత విశ్వాసుల ప్రార్థనల్లో వాన లేని ప్రార్థన ఉండేది కాదు. మృగశిర వస్తుందంటే మందిరంలో మోకాళ్లు వంగేవి.

ఇప్పుడు సంగతి మారింది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టాక ఎదురయ్యే మొదటి ప్రాజెక్టు జూరాల. 1981లో దానికి పునాదిరాయి పడితే నీళ్లు నిలిచేసరికి 1990ల నడిమికి వచ్చాం. తర్వాత నెట్టెంపాడు ఎత్తిపోతలు గద్వాల వైపు, భీమా ఎత్తిపోతలు మక్తల్, వనపర్తి వైపు, కల్వకుర్తి ఎత్తిపోతలు నాగర్‌కర్నూల్ వైపు. కల్వకుర్తి పథకంలో శ్రీశైలం వెనుక జలాలను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తి, జొన్నలబొగుడలో మళ్లీ ఎత్తి, గుడిపల్లిగట్టులో మూడోసారి ఎత్తుతారు. నది పైకి పారదు, పారించాలి. తాతల నాడు జొన్న తప్ప ఎరగని చెల్కల్లో ఇప్పుడు యాసంగి వరినాట్లు చూస్తున్నాం. గద్వాల పొలాల్లో సీడ్ పత్తి చేస్తున్నారు. చెరువులు ఎండాకాలంలో కూడా అలుగు పోసిన ఏండ్లున్నాయి. కొన్ని ఇండ్లకు బొంబాయి నుంచి మనుషులు తిరిగొచ్చారు.

దేవునికి స్తోత్రం. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. మొగులు వంక చూసి ప్రార్థించిన సంఘం, కాలువ వచ్చాక ఆ ప్రార్థనను ఎక్కడ పెట్టింది? వాన కోసం ఉపవాసముండి ప్రార్థించిన మందిరాలున్నాయి. కాలువకు నీళ్లొదిలిన దినాన కూడికలు పెట్టుకొని స్తోత్రం చెల్లించిన మందిరాలు ఎన్ని? నల్లా తిప్పితే నీళ్లొస్తాయి, స్విచ్చి వేస్తే మోటరు నడుస్తుంది. అడగవలసిన పని లేకపోతే, ఇచ్చినవాణ్ణి తలుచుకునే పని కూడా పోయిందనుకుంటున్నాం. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌసు నీట మునిగి మోటర్లు ఆగినప్పుడు, వాటిని ఆధారం చేసుకున్న తాగునీటికి కూడా ఇబ్బంది వచ్చింది. నీళ్ల విలువ అందరికీ మళ్లీ తెలిసింది. మోటర్లు తిరిగాయి, మళ్లీ మరిచిపోయాం. ప్రతిసారీ పోగొట్టుకుంటే తప్ప గుర్తు రాకపోతే, దేవుడు మనకు ఏదైనా ఎల్లకాలం ఎట్లా ఇవ్వగలడు?

మన సంఘాల్లో కృతజ్ఞత కూడికలు లేవని కాదు. బిడ్డ పుడితే, కొత్త ఇల్లు కడితే, ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికొస్తే, కొడుక్కు ఉద్యోగం వస్తే, అమెరికా వీసా వస్తే, టెంటు వేసి, అయ్యగారిని పిలిచి, వాక్యం చెప్పించుకొని, అందరికీ అన్నం పెడతాం. ఆ సంతోషం చాలా మంచిది, దాన్ని తగ్గించమనను. కానీ ఆ సాక్ష్యాలన్నీ ఎర్ర సముద్రాలే. కాళ్లు వాయకపోవడం గురించి మైకు ముందర లేచి సాక్ష్యం చెప్పినవాళ్లను నేను వినలేదు. ఈ ఏడాది మా ఇంటికి రోజూ నీళ్లు వచ్చాయి అని ఒక అక్క లేచి చెప్తే వినాలని ఉంది.

అలా చెప్పడానికి మన సంఘాల్లో చాలామందికి ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. ఈ ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లలో ముందు అమెరికన్ బాప్టిస్టులు, తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు. నాగర్‌కర్నూల్‌లోనూ వనపర్తిలోనూ మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో స్టేషన్లు పెట్టారు. వాళ్ల పెద్దలు 1870లలో రష్యా విడిచి అమెరికా మైదానాలకు వలసపోయిన రైతులు, వలస అంటే ఏమిటో ఎరిగిన కుటుంబాలు. వాళ్లు చెప్పిన మాట ఇక్కడ ముందుగా విన్నది ఎక్కువగా మాల, మాదిగ వాడలు. అంటే, ఊరి బావిలో చేద వేయడానికి హక్కు లేని ఇండ్లు.

ఈ సంగతి మన పిల్లలకు చెప్తున్నామా? బావి గట్టుకు దూరంగా ఖాళీ కుండతో నిలబడి, పైకులపామె ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే పట్టుకొని పోయిన అవ్వలు మనకున్నారు. తొందర చేస్తే తిట్లు, తాకితే అంతకంటే ఎక్కువ. 1927లో మహద్ ఊళ్లో అంబేడ్కర్ గారు వేలమందితో నడిచిపోయి చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారంటే, ఆ ఒక్క దోసెడు నీళ్లకు అంత పెద్ద పోరాటం కావలసి వచ్చింది. అలాంటి ఇంటి మనుమరాలు ఈ పొద్దు తన వాకిట్లో తన నల్లా తిప్పుకుంటున్నది. ఎవరి దయ కోసమూ నిలబడలేదు. బిందె నిండేదాకా ఆమె మనసులో ఏమి మెదులుతుందో గాని, అవ్వను తలుచుకుంటే చాలు, ఆ బిందె ముందర ఆమె నోటి నుంచి స్తోత్రం దానంతటదే వస్తుంది.

సుఖారు ఊరి బయట యాకోబు బావి దగ్గర జరిగింది కూడా ఇదే వాడల కథ. మిట్టమధ్యాహ్నం, ఎవరూ రాని వేళ, ఒంటరిగా నీళ్లకొచ్చిన సమరయ స్త్రీ. ఆమె పాత్రలో నీళ్లు యూదులు ముట్టరు. అలిసిపోయి బావి దగ్గర కూర్చున్న ప్రభువు ముందుగా ఆమెకు బోధ చేయలేదు, ఏదీ ఇవ్వలేదు. దాహానికి నీళ్లు పొయ్యమని అడిగాడు. ఎవరి నీళ్లు మైల అని లోకం అందో ఆమె చేతి నీళ్లకే దేవుని కుమారుడు చెయ్యి చాచాడు. మన అవ్వలు ఈ కథ విని ఎందుకు కండ్లనీళ్లు పెట్టుకున్నారో, ఎందుకు ఆయన వెంట వెళ్లారో నాకు అర్థమవుతుంది. వాళ్ల విశ్వాసానికి మొదటి మెట్టు అక్కడే ఉందనుకుంటాను: ఈయన మన కుండలో నీళ్లు తాగుతాడు. కాబట్టి మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చే కృతజ్ఞత మనకు చిన్న సంగతి కాకూడదు. ఆ నీళ్లతో పాటు గౌరవం కూడా మన ఇంటికి నడిచొచ్చింది.

ఇప్పుడు ఈ ధ్యానంలో నాకు అన్నిటికంటే బరువైన చోటికి వస్తున్నాను. రెండవ సమూయేలు ఇరవై మూడో అధ్యాయం.

అది కోతకాలం అని గ్రంథం చెప్తుంది. దావీదు అదుల్లాము గుహలో దాగి ఉన్నాడు. సొంత ఊరు బేత్లెహేము ఫిలిష్తీయుల దండు చేతిలో ఉంది. ఊరి గవిని దగ్గరి బావి నీళ్లు గుర్తొచ్చి, ఎవరైనా తెచ్చి ఇస్తే బాగుండునని ఆశపడ్డాడు. అది ఆజ్ఞ కాదు, ఊరి మీద బెంగతో నోరు జారిన మాట. ముగ్గురు మనుషులు విన్నారు. శత్రువుల దండులోంచి దూసుకుపోయి, నీళ్లు చేది, ప్రాణాలతో తిరిగొచ్చి ఆయన చేతికిచ్చారు. ఆ ముగ్గురి పేర్లు ఈ వచనాల్లో లేవు. దావీదు తాగలేదు. ఇవి ప్రాణాలకు తెగించి పోయినవాళ్ల రక్తంతో సమానం అని, యెహోవా సన్నిధిని నేల మీద పోసేశాడు.

చిన్నప్పుడు ఇది విన్నవాళ్లలో చాలామందికి నీళ్లు వృథా చేశాడనే అనిపిస్తుంది. పెద్దయ్యాక చదివితే, ఆ నీళ్లు ఎవరి ద్వారా వచ్చాయో చూడకుండా గొంతులో పోసుకోవడమే వృథా అని తెలుస్తుంది. దావీదు దేవునికి కృతజ్ఞత చెల్లించాడు. చెల్లించేటప్పుడు తెచ్చిన మనుషులను పక్కకు తోసి నేరుగా ఆకాశం వైపు చూడలేదు. వాళ్ల ప్రాణాల విలువ ఇంత అని అందరి ముందర చెప్పి, ఆ విలువతోనే దేవుని ముందర పెట్టాడు.

మన ఇంటికొచ్చే నీళ్ల వెనుక కూడా మనుషులున్నారు. ఎల్లూరులో ఎత్తుతున్నది శ్రీశైలం జలాశయం నీళ్లు. ఆ జలాశయం కోసం 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. కృష్ణ ఒడ్డున కొల్లాపూర్, అలంపురం వైపు ఎన్నో కుటుంబాలు పొలం, ఇల్లు, పెద్దల సమాధులు నీళ్లకు వదిలి గట్టెక్కాయి. ముంపు బాధితుల ఇంటికొక ఉద్యోగం అని 98వ నంబరు జీవో వచ్చింది, అది అందక ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మన మందిరాల్లో మన పక్కనే కూర్చున్నారు. మనం ఎత్తుకుంటున్న నీళ్లు వాళ్ల పొలాల మీద నిలబడిన నీళ్లు. ఈ మాట కలుపుకోకుండా ఎల్లూరు నీళ్లకు స్తోత్రం చెప్తే అది సగమే.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం లోపల పైకప్పు కూలింది. శ్రీశైలం నీళ్లను నల్లగొండ వైపు తీసుకుపోవడానికి నల్లమల కొండ కింద తవ్వుతున్న సొరంగం అది. లోపల దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల దూరాన ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఝార్ఖండ్ వాళ్లు నలుగురు, మిగిలినవాళ్లు ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్ రాష్ట్రాల వాళ్లు. సైన్యం వచ్చింది, గనుల కార్మికులు వచ్చారు, వాసన పట్టే కుక్కలను తెచ్చారు. బురద, ఊట నీళ్లు, కూలిన రాళ్లు. వారాల తరబడి వెతికితే దొరికినవి రెండు మృతదేహాలు.

ఒకప్పుడు పాలమూరు మనిషి ఎక్కడికో పోయి ఎవరి నీళ్ల కోసమో మట్టి తవ్వాడు. ఇప్పుడు ఎక్కడో ఝార్ఖండ్ నుంచి వచ్చిన మనిషి మన జిల్లా కొండ కింద, తను ఎన్నడూ తాగని నీళ్ల కోసం ప్రాణం ఇచ్చాడు. వాళ్లు ఏ దేవునికి మొక్కారో మనకు తెలియనక్కర్లేదు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకే వాన కురిపించే తండ్రి, తన మేళ్లు మోసుకొచ్చే పనికి కూడా అందరినీ పిలుస్తాడు. ఆ ఎనిమిది మందినీ, వాళ్ల ఇండ్లల్లో ఎదురుచూసినవాళ్లనూ తలుచుకొని ప్రార్థించడం మన సంఘాలకు బయటి పని కాదు. దావీదు చేసిన పని అదే.

మనం నీళ్లు నేల మీద పోయలేము, తాగాలి, పిల్లలకు పట్టాలి. కానీ ప్రభువు బల్ల దగ్గర మనకు దావీదు కథ పూర్తవుతుంది. అప్పగించబడిన రాత్రి ప్రభువు గిన్నె పట్టుకొని కృతజ్ఞతలు చెల్లించాడు. ఆ తర్వాత అదే గిన్నెను తన రక్తమన్నాడు. స్తోత్రం, దాని ఖరీదు, రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి. నెలకొకసారి ఆ గిన్నె అందుకునే చేతులు, రోజూ అందుకునే నీళ్ల గ్లాసు ఖరీదు ఎరగనట్టు ఉండడం సరికాదు. బల్ల దగ్గర నేర్చుకున్న కృతజ్ఞతను వంటింటి దాకా తీసుకురావాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కృతజ్ఞత గురించిన బోధను పేదవాడి నోరు మూయడానికి వాడేవాళ్లున్నారు. కూలి తక్కువిచ్చి, ఉన్నదానితో తృప్తిపడు అంటారు. కాలువ చివరి పొలానికి నీళ్లు రాలేదని అడిగితే, దేవుడిచ్చినదానికి సంతోషించు అంటారు. వాక్యం అలా అనదు. పొలాలు కోసిన కూలివాళ్ల దగ్గర బిగబట్టిన కూలి దేవునికి మొర పెడుతుందని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం గట్టిగా చెప్తుంది. కృతజ్ఞత మీద ముందుగా లెక్క చెప్పవలసింది కడుపు నిండినవాడు. అందుకే మోషే తృప్తిపొందినవాళ్లతోనే మాట్లాడాడు.

మరి కడుపు నిండనివాళ్లు? వాళ్లకు హబక్కూకు ఉన్నాడు. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేలో పైరు లేకపోయినా, దొడ్లో పశువులు లేకపోయినా, యెహోవాయందు ఆనందిస్తానన్నాడు ఆ ప్రవక్త. అది ఒకడు ఇంకొకడికి చెప్పే బుద్ధి కాదు, నష్టపోయినవాడు తనంతట తాను దేవునితో అన్న మాట. తెగులొచ్చి పత్తి పోయిన ఏడు, బోరు ఎండి పల్లితీగ మాడిన ఏడు, అప్పు మిగిలిన ఇంట్లో దీపం ముందర కూర్చొని ఆ మాట అనగలిగినవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ల ముందు మనం నేర్పేవాళ్లం కాము, కింద కూర్చొని నేర్చుకునేవాళ్లం. వాళ్ల బియ్యం డబ్బా ఖాళీగా ఉందేమో చూసి రావడం కూడా ఆ నేర్చుకోవడంలో భాగమే.

బియ్యం డబ్బా అనగానే ఒక పాత అలవాటు గుర్తొస్తుంది. 1912లో దోర్నకల్లు బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి రోజుల్లో, ఆ మండలం గ్రామ సంఘాల్లో స్త్రీలు వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో దేవుని కోసం ఉంచేవాళ్లు. కూలిపని చేసుకొని బతికే ఇండ్లు అవి. పిడికెడు పిడికెడు కలిసి సంఘానికి, సేవకునికి, తమకంటే లేనివాళ్లకు పనికొచ్చేది. తెలుగు సంఘాల్లో ఈ పిడికెడు బియ్యం అలవాటు చాలా చోట్ల పాకింది, కొన్ని ఇండ్లల్లో ఇప్పటికీ ఉంది. కోత పండుగ ఏడాదికొకసారి వస్తుంది. ఆ రోజు మందిరంలో గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్లు, బియ్యం మూటలు పేర్చి, ఆరాధన అయ్యాక వేలం పాడుకుంటాం. పిడికెడు బియ్యం మాత్రం రోజూ పొయ్యి దగ్గర జరిగే కోత పండుగ. ఆ తల్లుల దగ్గర పుస్తకం లేదు, మైకు లేదు. కృతజ్ఞత వాళ్ల చేతికి అలవాటైపోయింది.

ఈ రాత్రి అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కొని లేవకముందు, ఇంట్లో అందరూ ఇంకొక్క నిమిషం కూర్చోండి. తినకముందు చేసిన ప్రార్థన సరిపోదా అని పిల్లలు అడిగితే, మోషే చెప్పాడని ఎనిమిదో అధ్యాయం తీసి చదివించండి. ఒక్కొక్కరు ఈ దినం జరిగిన ఒక మామూలు మేలు చెప్పాలి. దానితోపాటు అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ మనిషి పేరో, పేరు తెలియకపోతే పనో చెప్పాలి. పంపుహౌసులో రాత్రి డ్యూటీ చేసే ఆపరేటరు. ట్యాంకు ఎక్కి వాల్వు తిప్పే పంచాయతీ మనిషి. నాట్లేసిన కూలి అక్క. మిల్లులో హమాలీ. రొట్టెలు చేసి అందరికీ పెట్టి ఆఖరుకు తిన్న అమ్మ. ఆ అమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి ఆమెకు నేరుగా చెప్పండి, దేవునికి చెప్తున్నాం కదా అని ఆమెను దాటిపోకండి. ఏ వీధిలో నీళ్లు రాలేదో తెలిస్తే అది కూడా అక్కడే చెప్పుకోండి, పొద్దున ఎవరిని కలవాలో మాట్లాడుకోండి.

ప్రార్థన

ప్రభువా, ఈ దినం మా కాళ్లు వాయలేదు, నీకు స్తోత్రం. మా నల్లాలో నీళ్లు వచ్చాయి, మా పొయ్యి వెలిగింది, మేము తిని తృప్తిపొందాము. మా అవ్వలు బావి గట్టుకు దూరంగా నిలబడిన దినాలు నీవు చూశావు, వాళ్ల కుండలో నీళ్లు అడిగి తాగిన దేవుడివి నీవే. కృష్ణ ఒడ్డున ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లను, వాళ్లకు ఇంకా అందని న్యాయాన్ని నీ ముందర పెడుతున్నాం. దోమలపెంట సొరంగంలో ప్రాణాలు పోయిన ఎనిమిది మంది ఇండ్లల్లో ఈ రాత్రి నీవు ఉండు. వలసపోయిన మా వాళ్లను, మా దగ్గరికి వలసొచ్చినవాళ్లను కాపాడు. పంట లేని ఇంట్లో నీ పేరెత్తి పాడేవాళ్ల పాట మాకు నేర్పు, వాళ్ల ఇంటికి మేము ఖాళీ చేతులతో పోకుండా చూడు. రేపు పొద్దున నీళ్లు పట్టుకునేటప్పుడు నిన్ను మరిచిపోకుండా మమ్మల్ని లేపు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.